‘వాగ్దానం’: తర్కానికి తప్పిన గురి

అపరాధ పరిశోధక నవలకూ విజ్ఞానశాస్త్రానికీ దగ్గర చుట్టరికం వుంది. పరిశోధకుడు ఆధారాలు సేకరిస్తాడు, వాటినిబట్టి ఒక పరికల్పన చేస్తాడు, దానిని పరీక్షించి చూస్తాడు. 1887లో షెర్లాక్ హోమ్స్ మొదటిసారి పాఠకులకు కనబడినది ప్రయోగశాలలోనే. రక్తపు మరకలను గుర్తించే పరీక్ష కనుగొన్నానని సంబరపడుతూ కనబడతాడు. కాని ఈ కథలలో పరికల్పన చివరి పుటలో తప్పక ఋజువవుతుంది. ప్రకృతి అంత విధేయంగా వుంటుందా?

స్విట్జర్లాండు రచయిత ఫ్రీడ్రిక్ డ్యూరెన్‌మాట్ (1921–1990) ఈ ప్రశ్న వేయడానికే ‘వాగ్దానం’ అనే నవలను 1958లో జర్మను భాషలో వ్రాశాడు. దీనికి ఇంగ్లీషులో 1959లో ఒక అనువాదమూ, 2006లో మరొకటీ వచ్చాయి. మొదట ఇది చలనచిత్రానికి వ్రాసిన కథ. ఆ చిత్రంలో హంతకుడు దొరికిపోతాడు. రచయితకు ఆ ముగింపు తృప్తినివ్వలేదు. కథను నవలగా తిరిగి వ్రాసి, ‘అపరాధ పరిశోధక నవలకు చరమగీతం’ అనే అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టాడు.

కథ ఇది. గ్రిట్లీ మోజర్ అనే చిన్నపిల్ల అడవిలో హత్యకు గురి అవుతుంది. జూరిక్ పోలీసు అధికారి మత్తేయి, హంతకుణ్ణి పట్టుకుంటానని ఆ పిల్ల తల్లికి మాట యిస్తాడు. శవాన్ని మొదట చూసి కబురుచేసిన తిరుగుడు వర్తకుణ్ణే పోలీసులు అనుమానిస్తారు. గంటల తరబడి ప్రశ్నించగా అతడు నేరం ఒప్పుకొని, తరువాత ఉరి పోసుకుంటాడు. పోలీసుశాఖ దృష్టిలో సమస్య తీరిపోయింది. మత్తేయికి మాత్రం తీరలేదు.

అతని ఆధారం ఆ పిల్ల గీసిన బొమ్మ. అందులో ఒక మహాకాయుడు, ముళ్ళున్న చిన్న ప్రాణులు, నల్లని కారు, కొమ్ములున్న జంతువు వున్నాయి. కొమ్ముల జంతువు కొండమేక. అది గ్రౌబ్యుండెన్ ప్రాంతపు రాజముద్ర. స్విట్జర్లాండులో ప్రతి కారు వెనుక పలకమీదా ఆయా ప్రాంతపు ముద్ర వుంటుంది. అనువాదంలో చదివే మనకు ఇది కొత్త సంగతి. అక్కడి పాఠకులకు రోజూ వీధిలో కనబడే గుర్తు. హంతకుడు గ్రౌబ్యుండెన్ కారులో వస్తాడు కనుక జూరిక్‌కు పోయే దారిలో ఎప్పుడో ఒకప్పుడు పెట్రోలు పోయించుకోవాలి. మత్తేయి ఆ దారిలో పెట్రోలు బంకు తీసుకుంటాడు. గ్రిట్లీ పోలికలున్న ఒక చిన్నపిల్లనూ ఆమె తల్లినీ తెచ్చి అక్కడ వుంచుతాడు. కొంతకాలానికి ఆ పిల్ల చేతిలో ముళ్ళ ఆకారపు చాకొలెట్లు కనబడతాయి. బొమ్మలోని ముళ్ళ ప్రాణులు ఇవే! పోలీసులు పొంచి వుంటారు. రోజులు గడుస్తాయి, ఎవరూ రారు. సంవత్సరాలు గడిచినా మత్తేయి తాగుడుకు బానిసై అక్కడే కాచుకొని కూర్చుంటాడు. చివరకు మరణశయ్యపై ఒక వృద్ధురాలు అసలు సంగతి చెబుతుంది: హంతకుడు తన భర్త, ఆనాడు అక్కడకు వస్తూనే కారు ప్రమాదంలో చనిపోయాడు.

కాబట్టి తర్కం ఓడిపోయిందని రచయిత భావం. ఇందులో కొంత నిజముంది. సంభావ్యత పెక్కు సంఘటనలను గూర్చి చెబుతుంది, ఒక్కదాన్ని గూర్చి హామీ యివ్వదు. రేడియోధార్మిక పదార్థంలో సగం పరమాణువులు ఎంతకాలానికి విచ్ఛిన్నమవుతాయో చెప్పగలం. ఫలానా పరమాణువు ఎప్పుడు విచ్ఛిన్నమవుతుందో చెప్పలేం.

కాని ఫలితం రాకపోవటం వేరు, పరికల్పన తప్పు కావటం వేరు. సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవటాన్ని చూడాలని ఫ్రెంచి ఖగోళజ్ఞుడు ల జాంతి 1760లో బయలుదేరాడు. 1761లో ఆ సమయానికి నడిసముద్రంలో ఓడమీద వున్నాడు. ఎనిమిదేళ్ళు ఈ ప్రాంతాలలోనే వుండి, పుదుచ్చేరిలో వేధశాల కట్టుకొన్నాడు. 1769లో ఆ ఉదయాన మబ్బు కమ్మింది. అతని గణితం తప్పలేదు, చోటు తప్పలేదు. ఫలితం మాత్రం రాలేదు. అయినా విజ్ఞానం ఆగలేదు. అదే సంఘటనను తాహితీలోనూ, మరెన్నో చోట్లా వేరేవారు చూశారు. మబ్బు వస్తుందని తెలిసే విజ్ఞానం పలుచోట్ల మనుషులను నిలబెడుతుంది.

మత్తేయి ఒంటరి. అతని ప్రయోగానికి గడువు లేదు. ఎప్పుడు విరమించాలో నిర్ణయించుకోలేదు. అంతకంటె ఘోరం, ఒక పసిపిల్లను పరికరంగా వాడుకున్నాడు. ఆ పిల్ల బ్రతుకూ పాడయింది. మరోవైపు పోలీసులు బలవంతపు ఒప్పుకోలునే ఋజువుగా తీసుకొని ఒక నిరపరాధి చావుకు కారణమయ్యారు. ఒకరు చాలని ఋజువుతో ముందే ముగించారు; మరొకరు ముగించడమే మరచిపోయారు. ఈ రెండు దోషాలనూ పక్కపక్కన చూపటమే నవలలోని గొప్ప బలం.

ఒక లోపం లేకపోలేదు. ఆ కారు ప్రమాదం యాదృచ్ఛికం కాదు, రచయిత ఏర్పాటు. పైగా వృద్ధురాలి మాటలతో పాఠకుడికి పూర్తి సమాధానం దొరికిపోతుంది. మత్తేయికి దక్కని నిశ్చయం మనకు దక్కుతుంది. అంటే చరమగీతం పాడిన రచయిత కూడా చివరి పుటలో చిక్కుముడి విప్పక తప్పలేదు.

ఏమైనా, తర్కాన్ని నమ్మేవారు తప్పక చదవవలసిన నవల ఇది. తర్కాన్ని వదులుకోమని ఇది మనకు నేర్పదు. సరియైన లెక్క వేసినవాడు కూడా ఎక్కడ ఆగాలో, ఎవరిని పణంగా పెట్టకూడదో తెలుసుకోవాలని నేర్పుతుంది.