విలాప కీర్తనల్లో ఓదార్పు

కష్టకాలంలో క్రైస్తవ విశ్వాసం ఓదార్పునిస్తుందని రాసి ఊరుకుంటే విమర్శ కాదు. ఆ ఓదార్పు రచనలో ఎక్కడ పుడుతోందో చూపాలి. బైబిలులోని 13వ కీర్తన తీసుకోండి. ఉన్నవి ఆరే వచనాలు. మొదటి రెండింటిలోనే ఎంతకాలమన్న ప్రశ్న నాలుగుసార్లు వస్తుంది. దేవుడు తనను మరచిపోయాడని భక్తుని ఫిర్యాదు. తర్వాతి రెండింటిలో వేడుకోలు, చివరి రెండింటిలో నమ్మకం, పాట. ఈ మలుపుకు కారణమేమిటని వెతకండి, కనిపించదు. శత్రువు తొలగిన జాడ లేదు, దేవుని జవాబూ లేదు. గొంతు మాత్రమే మారింది. బాధను దాచుకోకుండా దేవునితోనే మొరపెట్టుకోగలగడం వల్ల ఆ బలం వచ్చిందని నా అభిప్రాయం.

గోల్కొండ చెరసాలలో రాముణ్ణి నిలదీసిన రామదాసును ఎరిగిన మీకు ఈ చనువు కొత్త కాదు. అయితే రామదాసు తాను చేయించిన నగల లెక్క చెప్పి నిష్ఠూరమాడతాడు. ఈ భక్తుని దగ్గర అలాంటి లెక్కేమీ లేదు. దేవుని కృప ఒక్కటే ఆధారం.

88వ కీర్తన మరీ కఠినం. అందులో ఆ మలుపు కూడా లేదు, చీకటిలోనే ముగుస్తుంది. అయినా దాన్ని గ్రంథంలోంచి ఎవరూ తొలగించలేదు. యూదుల ఈ గీతాలు క్రైస్తవులకు ఇంత సొంతం కావడానికి సిలువ ఒక కారణం. మత్తయి, మార్కు సువార్తల్లో క్రీస్తు సిలువపై పలికినవి 22వ కీర్తన తొలి మాటలే. దేవుడు తనను ఎందుకు విడిచాడన్న ప్రశ్న అది.

దుఃఖంలో ఉన్న ఇంట్లో 23వ కీర్తన చదవడం అలవాటు. 88ని కూడా చదివితే బాగుండునని నాకనిపిస్తుంది.