రెండో కాపీ ఎక్కడుంది?

చార్మినార్ చుట్టుపక్కల బస్తీల్లో చాలా ఇళ్లలో సీపీయూ బల్ల కింద నేలమీదే ఉంటుంది, పక్కనే ఇన్వర్టర్ బ్యాటరీ. పెళ్లి ఫొటోలు, స్కాన్ చేసిన దస్తావేజులు కాపీ చేసిన హార్డ్‌డిస్క్ అదే గదిలో బీరువా కింది అరలో ఉంటుంది. బ్యాకప్ ఉంది కదా అని ఇంట్లో ధీమా. మోకాలి లోతు నీళ్లొస్తే సీపీయూ, ఆ డిస్క్ రెండూ ఒకేసారి మునుగుతాయి. ఒక్క దెబ్బకు రెండూ పోయేటప్పుడు దాన్ని బ్యాకప్ అనలేం. 1908 సెప్టెంబర్ 28న మూసీ నది హైదరాబాద్ నగరాన్ని ముంచెత్తింది. ఆ తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. అయినా 2020 అక్టోబర్‌లో హఫీజ్ బాబానగర్‌లోకి నీళ్లొచ్చింది మూసీ నుంచి కాదు, గండిపడ్డ గుర్రం చెరువు నుంచి. ముప్పు ఎటునుంచి వస్తుందో ముందే లెక్కకట్టడం కష్టం. కాపీలన్నీ ఒకేచోట లేకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలో పని. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట అనే పాత సూత్రం సారం ఇదే.

ఫొటోలన్నీ గూగుల్‌లో ఉన్నాయిగా అంటారు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. పైగా ఫోన్‌లోని గూగుల్ ఫొటోస్ యాప్‌లో పొరపాటున చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, ట్రాష్‌లో ఉండేది కొన్నాళ్లే. మాది మూడో అంతస్తు, నీళ్లు రావంటారు. షార్ట్ సర్క్యూట్‌కు, దొంగకు అంతస్తు అడ్డం కాదు. 2017 మేలో వనాక్రై వైరస్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకే తాళం వేసింది. అలాంటి వైరస్‌కు కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన డిస్క్ కూడా చిక్కుతుంది. అందుకే కాపీ అయిన వెంటనే తీసేయాలి. బయట పెడితే పరాయివాళ్లు చూస్తారన్న భయం సబబే. డిస్క్‌కు పాస్‌వర్డ్ పెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ బెంగ తీరుతుంది. ఆ పాస్‌వర్డ్ ఇంట్లో ఇంకొకరికీ తెలిసుండాలి, లేకపోతే ఆ డిస్క్ మనకే అక్కరకు రాదు. ఖర్చంటారా, కావలసింది ఇంకొక్క డిస్క్. కూకట్‌పల్లిలోనో కర్నూలులోనో ఉన్న చుట్టాలింట్లో ఒకటి పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తగా కాపీ చేసినదానితో మార్చుకుంటే సరి. రెండు రాకపోకల మధ్య చేరిన ఫైళ్లకు ఆ రక్షణ ఉండదన్నది నిజమే, వాటి మట్టుకు క్లౌడ్ అక్కరకొస్తుంది. తెరిచి చూడని కాపీని మాత్రం నమ్మకండి. ఈ ఆదివారం మీ బ్యాకప్‌లోంచి ఒక్క ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే మీకు బ్యాకప్ లేనట్టే.