తక్కువ ధర, చిన్నచూపు

పోయిన ఏడాది వేసవి సెలవుల ముందు మాట. మేము నలుగురు టీచర్లం, ఆశ్రమ పాఠశాల ఆడపిల్లలు ఎనిమిది మంది, వాళ్లలో ఒకమ్మాయి పెద్దమ్మ కలిసి ఘాట్ రోడ్డు దిగి మైదానంలోని పట్నానికి వెళ్లాం. పదో తరగతి పిల్లల వీడ్కోలు సభకు బిస్కెట్లు, మిక్చరు, పెన్నులు కొనాలి. పెద్దమ్మకు ఇంటికి నూనె, ఉప్పు, సబ్బులు కావాలి. ధరలు తగ్గించి అమ్ముతారని పేరుపడ్డ పెద్ద దుకాణం అక్కడ ఒకటుంది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ వ్యాసం చదివే ప్రతివారికీ తమ పట్నంలో అలాంటి దుకాణం ఒకటి గుర్తుకు రాకమానదు.

గుమ్మం దగ్గర పెద్దమ్మ మూట తీసుకుని టోకెన్ ఇచ్చారు. పిల్లల సంచులకు ప్లాస్టిక్ తాళ్లు బిగించారు. మా ముందే భుజానికి సంచి వేసుకుని లోపలికి వెళ్లిన ఆవిడను ఎవరూ ఆపలేదు. లోపల మేము ఏ వరుసలోకి వెళితే ఆ వరుసలోకి ఒక కుర్రాడు వచ్చి సబ్బులు సర్దుతున్నట్టు నిలబడ్డాడు. పిల్లలు తమలో తాము కువిలో మాట్లాడుకుంటుంటే బిల్లు వేసే అమ్మాయి పక్క అమ్మాయిని చూసి నవ్వింది. ఇవన్నీ మనకు కొత్త కాదు, సర్దుకుపోయాం. తిరిగి వచ్చేటప్పుడు బిల్లు మీద ముద్ర వేశాక కాపలా కుర్రాడు పెద్దమ్మను పక్కకు పిలిచి, "కొంగు ముడి విప్పి చూపించు" అన్నాడు. ఆమె విప్పింది. అందులో రెండు వంద నోట్లు, కొంత చిల్లర, సగం కాల్చి ఆర్పిన చుట్ట, ఉదయం బస్సు టికెట్టు ఉన్నాయి.

మేము నలుగురం డిగ్రీలు చదివినవాళ్లం. పిల్లలకు పౌరశాస్త్రం చెప్పేవాళ్లం. ఒక్కరమూ నోరు మెదపలేదు. ఈ వ్యాసంలో ఆ దుకాణాన్ని ఎంత తప్పుపట్టినా, మా తప్పు ముందు రాసుకోవాలనే ఇక్కడ మొదలుపెట్టాం.

అసలు మనవాళ్లు అక్కడికి ఎందుకు వెళుతున్నారు? వెళ్లడానికి గట్టి కారణమే ఉంది. మన తాతలకు సంతలో ధర అంటే షావుకారు నోటి మాట. చింతపండు కొనేటప్పుడు ఒక కొలత, ఉప్పు అమ్మేటప్పుడు ఇంకో కొలత. అప్పు ఖాతాలో ఏం రాశాడో రాసినవాడికే తెలుసు. ఆ దోపిడీ నుంచి కాపాడటానికే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. డీఆర్ డిపోలు తెరిచి అటవీ ఉత్పత్తులు కొన్నారు, నిత్యావసరాలు అమ్మారు. డిపో ఉన్నచోట కొంత మేలు జరిగింది. కానీ ఊళ్లో చిన్న కొట్టు ఈ రోజుకీ ముద్రించిన ధర మీద రెండు రూపాయలు వేసుకుంటుంది, కొండ మీదికి మోసుకొచ్చిన ఖర్చంటుంది. పట్నంలోని పెద్ద దుకాణంలో అలా కాదు. ధర రాసి ఉంటుంది. బేరం లేదు, అప్పు లేదు. షావుకారు చేతిలోంచి అందుకోనక్కరలేదు, మన చేత్తో మనమే తీసుకోవచ్చు. పెద్దమ్మకు ఆ దుకాణంలో అన్నిటికంటే నచ్చింది ఇదేనని దారిలో చెప్పింది: "అన్నీ ముట్టుకోనిస్తారమ్మా."

ముట్టుకోనివ్వడం ఎవరో దయతో పెట్టిన పద్ధతి కాదు. 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో క్లారెన్స్ సాండర్స్ అనే వ్యాపారి సరుకు అరల్లో పెట్టి, కొనేవారే తీసుకుని గుమ్మం దగ్గర డబ్బు కట్టే దుకాణం తెరిచాడు. సరుకు అందించే గుమాస్తాలు తగ్గారు, జీతాల ఖర్చు తగ్గింది, ఆ మేరకు ధర తగ్గింది. నేటి డిస్కౌంట్ దుకాణం కూడా ఆ కిటుకు మీదే బతుకుతోంది. తక్కువమంది పనివాళ్లు, ఎక్కువ సరుకు. గుమాస్తా చేసే పని మనమే చేస్తున్నాం కాబట్టి మనకు దక్కే తగ్గింపు దానం కాదు, అందులో మన కూలి ఉంది. ఈ మాట మన పిల్లలకు ఎవరైనా చెప్పాలి. తగ్గింపు ఇచ్చాం గనుక నోరెత్తకూడదన్న ధోరణి అక్కడి కౌంటర్లో ఉంది, కొనేవాళ్ల మనసుల్లో అంతకంటే ఎక్కువ ఉంది.

పెద్దమ్మ కొన్న నూనె ప్యాకెట్ సంగతి చూడండి. అర మీద అంటించిన చీటీలో 128 రూపాయలు. బిల్లులో 141. ప్యాకెట్ మీద ముద్రించిన గరిష్ఠ ధర 165. ఒకమ్మాయి ఇది గమనించి అడిగితే, "165ది 141కి ఇస్తున్నాం, ఇంకేం కావాలి?" అని జవాబు వచ్చింది. చాలామంది ఈ జవాబుతో ఆగిపోతారు. గరిష్ఠ ధర దాటలేదు కదా అనుకుంటారు. కానీ 128 చూసి కదా ఆమె ప్యాకెట్ తీసింది? గరిష్ఠ ధర దాటకపోవడం ఒక నియమం, చూపించిన ధరకు అమ్మడం ఇంకో నియమం. ధర విషయంలో కొనేవారిని తప్పుదారి పట్టించడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. ఇలాంటి తేడా ప్రతిసారీ ఎవరో కావాలని చేసిన మోసమే అయి ఉండనక్కరలేదు. ధర కంప్యూటర్లో ఒక్క క్షణంలో మారుతుంది. కాగితం చీటీ మారాలంటే మనిషి కావాలి. ఆ మనుషులనే తగ్గించుకున్నారు. కాబట్టి పొరపాటు దుకాణానిది, నష్టం కొన్నవారిది. పట్నంవాళ్లు గొడవ చేసి ఆ 13 రూపాయలు వెనక్కి తీసుకుంటారు. గొడవ చేయనివాళ్లు మిగిలిపోతారు, ఆ మిగిలేవాళ్లలో మనమే ఎక్కువ.

సంచి సంగతి ఇంకా విచిత్రం. మన సంచి లోపలికి రానివ్వరు, బయటికి వెళ్లేటప్పుడు వాళ్ల సంచి కొనమంటారు. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక పెద్ద దుకాణాల సంస్థ కేసులో, ముందుగా తెలియజేయకుండా డబ్బు కట్టేచోట సంచికి ధర వేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని చెప్పింది. ఫోన్ నంబరు కూడా అంతే. నంబరు లేనిదే బిల్లు రాదని పెద్దమ్మకు చెప్పారు, ఆమెకు ఫోనే లేదు. చివరకు మాలో ఒకరం ఇచ్చాం. ఇప్పటికీ ఆ ఫోన్‌కు బంగారం అప్పు మెసేజీలు వస్తున్నాయి! నంబరు కోసం కొనేవారిని బలవంతపెట్టవద్దని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు సూచించింది.

ఇవన్నీ రూపాయల లెక్కలు. కొంగు ముడి లెక్క వేరు.

చిత్రమేమిటంటే ఆ దుకాణం అరల్లో చింతపండు ఉంది, కుంకుడుకాయలు ఉన్నాయి, తేనె ఉంది, కొండచీపుర్లు కట్టలుగా నిలబెట్టి ఉన్నాయి. అలాంటి సరుకు కొండ మీద ఏరేది, కట్టేది పెద్దమ్మలాంటి ఆడవాళ్లే. సరుకు లోపలికి రావడానికి ఏ అనుమానమూ అడ్డు రాలేదు.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో దుకాణాల పేరు ఎత్తి మరీ రాశారు. మతం, జాతి, కులం, లింగం, పుట్టినచోటు కారణంగా ఏ పౌరుడికీ దుకాణాల్లోకి వెళ్లడంలో ఆటంకం, షరతు ఉండకూడదని. మేము ఏటా ఈ అధికరణాన్ని పరీక్షకు బట్టీ పట్టిస్తాం. అందులో దుకాణం అన్న మాట ఎందుకుందో ఆ రోజు దాకా మాకూ సరిగా తట్టలేదు. మనల్ని రావద్దని ఎవరూ అనలేదు. తెగ పేరు పెట్టి తిట్టి ఉంటే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మాట ఎత్తేవాళ్లం. ఇక్కడ నోట ఒక్క చెడ్డ మాట రాలేదు. అందరికీ తెరిచిన తలుపే, అందరికీ ఒకటే ధర, అనుమానం మాత్రం కొందరికే. ఒక్కటి మాత్రం పిల్లలు గుర్తుంచుకోవాలి. కాపలా మనిషి పోలీసు కాదు. మనం ఒప్పుకోకుండా ఒంటి మీద, బట్టల్లో సోదా చేసే అధికారం అతనికి లేదు. పోలీసులు సోదా చేయాల్సివచ్చినా ఆడవాళ్లను ఆడవాళ్లే, మర్యాద తప్పకుండా సోదా చేయాలి. నిజంగా అనుమానం ఉంటే దుకాణం పోలీసులను పిలవాలి, అప్పుడు ఆ అనుమానానికి జవాబుదారీ కూడా వహించాలి.

ఆ సాయంత్రం తిరుగు బస్సులో ఆ కాపలా కుర్రాడు మాకు ఎదురయ్యాడు. మా పక్క మండలం వాడే. ఆశ్రమ పాఠశాలలోనే చదివాడు, ఇంటర్ తప్పాడు. పెద్దమ్మ భాష అతనికి వచ్చు. మధ్యాహ్నం తెలుగులోనే మాట్లాడాడు. మమ్మల్ని చూసి ముందు తల దించుకున్నాడు, తర్వాత తనే వచ్చి పక్కన కూర్చున్నాడు. మూటలున్నవాళ్లను, గుంపుగా వచ్చే పిల్లలను, 'పై నుంచి' వచ్చేవాళ్లను కనిపెట్టి ఉండమని పనిలో చేరిన రోజే చెప్పారట. నెలాఖరున సరుకు లెక్క తగ్గితే జీతంలో కోస్తారట. పన్నెండు గంటలు నిలబడే ఉండాలి. "మీరు నన్ను తిడతారు సార్. నేను వదిలేస్తే, మనోళ్లని వదిలేశావని వాళ్లు తిడతారు" అన్నాడు. దిగేటప్పుడు పెద్దమ్మ అతణ్ణి "ఏ ఊరు నాన్నా?" అని అడిగింది. ఊరు చెప్పాడు. వాళ్ల మేనత్తను ఆమె ఎరుగుదునంది.

మన రచయితలు సంత మీద చాలా రాశారు. దొంగ తక్కెడ, దొంగ కొలత, షావుకారు వడ్డీ. రాయాల్సిందే. కానీ ఈ తెల్లని దీపాల దుకాణం మీద మనం ఇంకా కథ రాయలేదు. ఇక్కడ తక్కెడ సరిగ్గానే ఉంటుంది కాబట్టి కథ లేదనుకున్నాం. పైగా ఇక్కడ షావుకారు కనపడడు. కనిపించేది నెల జీతానికి నిలబడ్డ మన పిల్లవాడే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని చోట మన కలం ఆగిపోతోంది. ఆ కుర్రాణ్ణి ద్రోహి అని రాస్తే తప్పు, పాపం అని వదిలేసినా తప్పే. ఆ ఆజ్ఞ ఇచ్చింది ఎవరో, దాన్ని కాగితం మీద ఎందుకు రాయరో అడిగే కథ కావాలి.

మర్నాడు బడిలో మేము చేసింది చిన్న పని. పెద్దమ్మ బిల్లు తెచ్చి తొమ్మిదో తరగతి లెక్కల పీరియడ్‌లో బోర్డు మీద ఎక్కించాం. వస్తువు, బరువు, గరిష్ఠ ధర, మన ధర, తగ్గింపు. చిన్న సబ్బు నాలుగు కొంటే గ్రాముకు ఎంత పడింది, పెద్ద సబ్బు ఒకటి కొంటే ఎంత పడేది అని పిల్లలే కట్టారు. శాతాల పాఠం అంత హుషారుగా ఏనాడూ నడవలేదు. వెనక బెంచీ అమ్మాయి లేచి, ఉప్పు రెండుసార్లు పడిందని చెప్పింది. 28 రూపాయలు. ఎనిమిది మంది పిల్లలు, నలుగురు టీచర్లు కౌంటర్ దగ్గర చూడనిది అది.

బిల్లు ఎందుకు దాచుకోవాలో ఆ పూటే మాట్లాడాం. బిల్లు ఇవ్వకపోవడం కూడా కొత్త చట్టం ప్రకారం అనుచిత పద్ధతే. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా. 1915 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. దానితో తేలకపోతే జిల్లా కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, వకీలు అక్కరలేదు, రెండేళ్ల లోపు వేయాలి. అన్నిటికంటే మనకు పనికొచ్చే మార్పు ఒకటుంది. దుకాణం ఉన్నచోటే కాదు, మనం నివసించే చోటు జిల్లా కమిషన్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. పాత చట్టంలో ఇది లేదు. కొంగు ముడి విప్పించినందుకు మాత్రం ఏ ఫారంలో ఏ గడి నింపాలని ఒక పిల్ల అడిగింది. ఏం జరిగిందో, ఎవరి ముందు జరిగిందో, మాకు చేయనిది ఆమెకే ఎందుకు చేశారో తేదీ వేసి మామూలు తెల్ల కాగితం మీద రాయమన్నాం. పన్నెండు మందిమీ సంతకాలు పెట్టాం.

పది రోజుల తర్వాత పెద్దమ్మతో మాలో ఇద్దరం మళ్లీ వెళ్లాం. మేనేజరు బిల్లు చూసి 28 రూపాయలు వెంటనే ఇచ్చాడు. నూనె మీది 13 ఇవ్వలేదు, అప్పటికి చీటీ మార్చేశారు, మా దగ్గర ఫొటో లేదు. తెల్ల కాగితం రెండుసార్లు చదివి, నకలు మీద అందిందని రాసి సంతకం చేయడానికి చాలాసేపు తటపటాయించాడు, చివరకు చేశాడు. జవాబు ఇంకా రాలేదు. "28 రూపాయల కోసం అంత దూరం నుంచి దిగి వచ్చారా?" అని నవ్వుతూ అడిగాడు. రానుపోను బస్సు చార్జీలు దానికి ఎన్నో రెట్లు. ఆ మాట మేము చెప్పలేదు. పెద్దమ్మ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి, గుమ్మం మధ్యలో నిలబడి, తీరిగ్గా కొంగున ముడేసుకుంది.