బావిలోని బిందెలు

ఖిలా వరంగల్ తోరణముల నడుమ సాయంకాలము నడచునప్పుడెల్లను, 1946 ఆగస్టులో అక్కడ జాతీయ పతాకము నెగురవేసిన తరువాత నిజాం పాలనకు కొమ్ముకాసిన రజాకార్ల చేత హతుడైన బత్తిని మొగిలయ్యగౌడు నాకు జ్ఞప్తికి వచ్చును. ఆ కాలమును నవలగా మలచవలెనను సంకల్పముతో రెండేండ్లు కాగితములు ఖరాబు చేసితిని. ప్రతి పుటయందును తుపాకియు, వికటహాసము చేయు రజాకారును ఉండిరి; ఊరు మాత్రము లేదు.

విసిగి, హనుమకొండలో 1904 నుండి వెలుగుచున్న రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమునకు పోయి, మన ఉమ్మడి వరంగల్ జిల్లా చినగూడూరు బిడ్డ దాశరథి రంగాచార్యులవారి ‘చిల్లర దేవుళ్ళు’ నవలను మరల చదివితిని. నా లోపమునకు సమాధానము ఆ పేరులోనే యున్నది. హైదరాబాదులోని నిజాం ప్రభువు పల్లెవానికి హాలీ సిక్కా మీది చార్మినారుగా తప్ప కానరాడు. నిత్యము దర్శనమిచ్చి వెట్టిని నైవేద్యముగా గుంజుకొనువారు దొరయు, పటేలు పట్వారీలును. సభ జరుపుకొనుటకైనను సర్కారు అనుమతి కావలెనన్న గస్తీ నిషాన్ 53 ఉత్తరువు పట్నపు విద్యావంతుల నోరు కట్టినది గాని, దొర గడీ ముందు చెప్పులు చేతబట్టి నడచువానికి వేరుగా ఫర్మానా ఏల? 1955లో ‘ప్రజల మనిషి’ నవలను వెలువరించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు చెఱసాలను స్వయముగా ఎఱిగినవారు, కల్పించుకొనవలసిన అగత్యము వారికి అంతగా లేదు, నాకున్నది.

ఈ నిజాం పాలనను ఫాసిజమనుట శాస్త్రసమ్మతమా యని పండితులు వాదించుకొందురు గాక. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ దండు ఊళ్ళమీద పడిన 1947-48లో ఆ పోలిక కడు చేరువకు వచ్చినదనియే నా తలంపు. అయితే ఆ దండును గడీలో దింపుకొని అన్నము పెట్టిన దొరలును కలరు. నవలాకారుడు విడువరాని కీలకమిది.

ఆ రోజులను గూర్చి మా మేనత్తను అడిగితిని. తుపాకుల మాట ఆమె ఎత్తలేదు. “వాండ్లొస్తున్నరంటే ఇత్తడి బిందెలు బాయిల ఏసేటోళ్ళం బిడ్డా. సగం మళ్ల దొరకనే లేదు. ఆ నీళ్ళే తాగినం,” అన్నది.

మొదటి ప్రకరణము చించి మరల వ్రాసితిని. ఒక పిల్ల నీళ్ళు తోడుచున్నది. చేద అడుగున ఇత్తడికి తగిలి ఖంగున మ్రోగినది. తల్లి పరుగున వచ్చి త్రాడు పట్టుకొని, పట్వారి ఇంటి వైపు చూచినది. తుపాకి మూడవ ప్రకరణము దాక రాదు.