గీతలు తుడిచిన చేతులు

‘మాయాబజార్’ (1957) 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు అందరూ రంగుల గురించే మాట్లాడుకున్నారు. అసలు మెచ్చుకోవాల్సింది పాత ఫిల్మ్ మీది గీతలు, మరకలు తుడిచినవాళ్లని. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మూడు గంటల సినిమా అంటే రెండున్నర లక్షల ఫ్రేముల పైమాటే! హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ ఆ పని చేయించింది.

ఇంట్లో టీవీలో ఈ సినిమాలోని మాయ తివాచీ గింబళి, మాయ మంచం గిల్పం సన్నివేశం ఆపి ఆపి చూడాలి. పరిచిన గింబళి దానంతటదే చుట్టుకుంటుంటే కౌరవుల తరఫున వచ్చిన శర్మ, శాస్త్రుల ముఖాల్లో భయం. వాళ్లలో ఒకరిగా అల్లు రామలింగయ్య కళ్లు గుడ్లగూబవి. దెయ్యాల కామెడీలు ఇప్పుడు బోలెడు, ఇంత హాయి ఏదీ?

శబ్దాన్నీ డీటీఎస్‌కి మార్చారు. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల గొంతుకి మాత్రం ఏ మెరుగూ అక్కర్లేదు. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే తీసిన వెన్నెలకి రంగు అవసరమా అంటే, నలుపు తెలుపులకే నా ఓటు.