పీపాలు కడిగే విద్య

చేతిపనుల మీద పాత పుస్తకం కనిపిస్తే వదలను. రాసినవాడు పని చేసినవాడా, గట్టున నిలబడి చూసినవాడా అన్నది రెండు పేజీల్లో తేలిపోతుంది. సామ్యూల్ మెక్‌హారీ చేసినవాడే. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ కౌంటీ మనిషి. 1809లో హారిస్‌బర్గ్‌లో అచ్చయిన ఆయన ‘ది ప్రాక్టికల్ డిస్టిల్లర్’ అమెరికాలో విస్కీ తయారీ మీద వచ్చిన తొలి పుస్తకాల్లో ఒకటి. అప్పటి ప్రతి ఇప్పుడు దొరకడం గగనమే.

ఆ రాష్ట్రపు రైతుకు సారా కాయడం సరదా కాదు, లెక్క. పడమటి కొండల అవతల పండిన రై గింజల్ని తూర్పు సంతలకు చేరిస్తే కిరాయికే సరి. విస్కీగా మారిస్తే గుర్రం వీపు మీద బరువు తగ్గి సొమ్ము పెరిగేది. అందుకే 1791లో ప్రభుత్వం విస్కీ మీద పన్ను వేస్తే తిరగబడ్డారు. 1794లో వాళ్లను అణచడానికి సైన్యంతో బయల్దేరిన అధ్యక్షుడు వాషింగ్టనే, కొన్నేళ్లకు తన ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో సొంత బట్టీ పెట్టించాడు!

మెక్‌హారీకి మొదట్లో ఈ పని ఓనమాలు కూడా తెలియవు. తయారీ పద్ధతులు డబ్బిచ్చి కొన్నాడు, చేసి చూశాడు, నిలిచినవి రాసుకున్నాడు. మత్తు కబుర్ల కోసం తెరిస్తే నిరాశే. పీపాలు కడగడం గురించి మాత్రం వదలకుండా చెబుతాడు. మరిగే నీళ్లతో కడిగాక, పెద్ద గుప్పెడు ఓట్ గడ్డో రై గడ్డో లోపల వేసి అంటించాలి. మంట లేవగానే పీపా బోర్లించాలి. ఆ పొగకు లోపలి పులుపు వాసన పోతుంది. ఎండాకాలంలో రోజు విడిచి రోజు చేయాల్సిందే. పులియడం సూక్ష్మజీవుల పని అని శాస్త్రవేత్త పాశ్చర్ చెప్పడానికి ఇంకా దాదాపు యాభై ఏళ్లుంది. చెక్క సందుల్లో నిన్నటి పిండి జావ మిగిలితే ఇవాళ్టిది పాడవుతుందని ఈయనకు పనే నేర్పింది.

పిండి ఉడికిందో లేదో చూసే తీరు మరీ ముచ్చట. కలిపే కర్రను జావలో రెండు మూడుసార్లు మెల్లగా తిప్పి, పైకి తీసి, పీపా అంచుకు చిన్నగా తట్టాలి. జావ జారిపోయి, గడ్డి గింజలంత పలుకులు కర్రకు అంటుకుంటే ఉడికినట్టు. జావను పులియబెట్టే ఈస్టు పెరుగు తోడు లాంటిదే, మూలం మంచిదైతేనే రోజువారీది బాగుంటుంది.

తమాషా ఏమిటంటే, స్వదేశీ పంటలతోనే మేలైన సరుకు తీయొచ్చని పుస్తకం పూర్తి పేరులోనే చాటినాయన, అదే పేరులో ఫ్రెంచి బ్రాందీని పోలిన సరుకు చేయడం కూడా నేర్పుతానన్నాడు. వ్యాపారి వ్యాపారే కదా!

దీన్ని అచ్చువేసింది జాన్ వయెత్. మరుసటి ఏడాది, 1810లో, ఆయనే చర్చి పాటల పుస్తకం కూడా వేశాడు. అదీ బాగానే అమ్ముడుపోయింది.