ఆకు వాడితే వేరు చూడండి

వానలు ముదిరే కొద్దీ మా ఇంటికి ఆర్కిడ్ కుండీలు రావడం ఎక్కువవుతుంది. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చినవి, పెళ్లిరోజుకి వచ్చినవి. తెచ్చేవాళ్లందరి మాటా ఒకటే: ఆకులు వాడుతుంటే నీళ్లు చాలడం లేదనుకుని ఇంకాస్త పోశామండీ అని. ప్రాణం మీదికి తెచ్చేది ఆ ఇంకాస్తే. నీళ్లు కుండీలో నిండుగా ఉన్నాయి, వాటిని తాగాల్సిన వేళ్లే పోయాయి. వేరుకుళ్లు పట్టిన మొక్క, ఎండిన మొక్క పైకి ఒకేలా కనిపిస్తాయి. ఎంత అనుభవం ఉన్నా ఆకును చూసి తేల్చి చెప్పలేం.

మనం కొనే ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా మొక్కల పూర్వీకులు చాలావరకు చెట్ల మీద బతికేవే. మన తూర్పు కనుమల్లో, పల్లెల్లో పాత మామిడి చెట్ల మీద కూడా ఒక వాండా పెరుగుతుంది. సామర్లకోటలో తోట నడిపిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దాన్ని 1795లో తన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వర్ణించాడు. చెట్టు రసాన్ని అది పీల్చదు, బెరడును ఆసరాగా పట్టుకుంటుందంతే. వాన కురిస్తే వేళ్లు తడుస్తాయి, కాసేపటికి గాలికి ఆరిపోతాయి. ఆ వేరు చుట్టూ వెలామెన్ అనే మెత్తటి పొర ఉంటుంది. అందులో ఉన్నవి చచ్చిన కణాలే అయినా స్పాంజిలా క్షణాల్లో నీటిని పీల్చుకుంటాయి. ఆరినప్పుడు వేరు వెండి రంగులో ఉంటుంది, తడవగానే లోపలి ఆకుపచ్చ బయటపడుతుంది. ఆ పొర రోజుల తరబడి నీళ్లతో నిండి ఉంటే లోపలి జీవకణాలకు గాలి అందదు. ఊపిరాడక నీరసించిన వేరు మీద పిథియం, ఫైటాఫ్తోరా, ఫ్యుజేరియం లాంటి సూక్ష్మజీవులు దాడి చేస్తాయి. ఆర్కిడ్ విషయంలో నేను నీళ్ల కంటే గాలి గురించి ఎక్కువ మాట్లాడతానని మావాళ్లు అంటుంటారు. నిజమే, మాట్లాడతాను.

ఈమధ్య పక్క వీధి పిన్నిగారు ఒక తెల్ల ఫెలనాప్సిస్ తెచ్చారు. "రోజూ పొద్దున్నే గ్లాసుడు నీళ్లు పోస్తూనే ఉన్నానమ్మా, అయినా ఇలా అయిపోయింది" అన్నారు. అందమైన పింగాణీ కుండీ, అడుగున ఒక్క చిల్లు లేదు. లోపలి ప్లాస్టిక్ కుండీ ఎత్తితే వేలెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. మొక్కను బయటికి తీశాం. బెరడు ముక్కలు రాలిపోయాక మధ్యలో, సరిగ్గా కాండం కింద, నాచు ముద్ద ఒకటి దొరికింది. మొక్క చిన్నదిగా ఉన్నప్పుడు నర్సరీలో పెట్టిన ముద్ద అది. పైన బెరడు పొడిగా కనిపించినా ఆ ముద్ద పిండితే నీళ్లు కారాయి. ఒక వేరును వేళ్ల మధ్య పట్టి లాగితే గోధుమరంగు తొడుగు జారి చేతికొచ్చింది, సన్నటి దారం ఒకటి మొక్కకు వేలాడుతూ మిగిలింది. చాలా వేళ్లు అలాగే ఉన్నాయి. గట్టిగా ఉన్నవి మాత్రం మూడు.

ఇక్కడ జాలి పడకూడదు. నొక్కితే మెత్తగా అణిగే వేరును గట్టి భాగం వచ్చేదాకా కోసేయాలి. బ్లేడును మంట మీద కాల్చి వాడాలి, మరో మొక్కను ముట్టే ముందు మళ్లీ కాల్చాలి. రంగు చూసి మోసపోవద్దు. నాచులో మగ్గిన వేరు గోధుమరంగుకు మారినా గట్టిగా ఉంటే బతికున్నట్టే. కోతల మీద దాల్చినచెక్క పొడి అద్దవచ్చు. అది తేమను లాగేస్తుంది కాబట్టి బాగున్న వేళ్ల మీద పడనివ్వకండి. కుళ్లు కాండం దాకా పాకితే కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2 గ్రాములు కలిపి తడుపుతాను, చేతులకు తొడుగులు వేసుకుని. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమనే సలహా మాత్రం నాకు నచ్చదు. అది మంచి కణాలనూ కాలుస్తుంది.

ఇక పూకాడ. పిన్నిగారి మొక్కకు ఇంకా నాలుగు పూలున్నాయి. "అయ్యో, అదొక్కటీ ఉంచమ్మా" అన్నారు. మూడు వేళ్ల మొక్క పూలను మోయలేదని చెప్పి కోసి, గ్లాసులో పెట్టి ఆవిడకే ఇచ్చాను.

కోతలు ఒక పూట నీడలో ఆరాక, పక్కల చిల్లులున్న చిన్న మట్టికుండీ తీసుకుని బొగ్గులు, ఇటుక ముక్కలు, కొంచెం బెరడు వేసి నిలబెడతాను. వేళ్లు కొన్నే ఉంటే కుండీ కూడా చిన్నదే ఉండాలి, పెద్దదైతే మళ్లీ తడి నిలుస్తుంది. వేరు ఒక్కటీ మిగలని మొక్కనైతే తడిపి గట్టిగా పిండిన నాచు మీద ఉంచి, పారదర్శకమైన డబ్బాతో మూసి, వెలుతురున్న నీడలో పెట్టాలి. రోజూ కాసేపు మూత తీయాలి. ఎరువు జోలికి పోవద్దు. ఆ తర్వాత చేయాల్సింది ఊరుకోవడం, అందరికీ కష్టమయ్యేది అదే. నెలలు పట్టవచ్చు. కింది ఆకు ఒకటో రెండో పండి రాలవచ్చు. ఆకుల మొదట్లో ఆకుపచ్చగానో వంగపండు రంగులోనో వేరు మొన పొడుచుకొస్తే మొక్క నిలిచినట్టే.

అన్నీ నిలవవు. ఫెలనాప్సిస్‌లో ఆకులు పుట్టే నడిమి మొగ్గ నల్లబడి, కాండం లోపలంతా కుళ్లితే వదిలేయడమే మంచిది. డెండ్రోబియంకి ఇంకో దారి ఉంది: గట్టిగా ఉన్న పాత కాడను తడి నాచు మీద పడుకోబెడితే కణుపుల దగ్గర పిల్ల మొక్కలు రావచ్చు.

ఈ వానల్లో మీ ఆర్కిడ్ ఆకు వాడితే చెంబు పక్కన పెట్టండి. ముందు మొక్కను కుండీలోంచి తీసి వేళ్లు నొక్కి చూడండి. గట్టి వేరు ఒక్కటున్నా పారేయకండి. కోసేసిన కుళ్లు వేళ్లను, పాత బెరడును మాత్రం మిగతా కుండీల్లో వేయకుండా చెత్తబుట్టలో వేయండి.